ఎవరి చెవికి ఎన్ని వాట్లు?

పాటలు వినటానికి ఒక స్టీరియో రిసీవరు కొందామనుకోవటం తేలికే. అది ఎవరి కోసం కొంటున్నామో తేల్చుకోవటమే కష్టం. మా ఇంట్లో ఆ సంగతి తేలేసరికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో నాకు తెలిసివచ్చిన నాలుగు ముక్కలూ, ఇలాంటి వస్తువు కొనదలచిన మరో నాలుగిళ్ళ వాళ్ళకు పనికి రావచ్చునని రాస్తున్నాను.

ముందు వస్తువేమిటో చెప్పాలి. రేడియో, ఆంప్లిఫయరు రెండూ ఒకే పెట్టెలో ఇమిడి వుంటే అది రిసీవరు. దానికి ఎడమవైపొకటి, కుడివైపొకటి స్పీకర్లు తగిలిస్తే స్టీరియో. ఒక పక్క నుంచి వచ్చే చప్పుడు ఒక చెవికి ముందు, రెండో చెవికి కాస్త వెనుక చేరుతుంది. ఆ వ్యవధి సెకనులో వెయ్యో వంతు కూడా వుండదు. అయినా ఆ పిసరు తేడాను పట్టుకునే మన మెదడు చప్పుడు ఏ వైపుదో పోల్చుకుంటుంది. ఇంగ్లండులో ఆలన్ బ్లూమ్‌లైన్ అనే ఇంజనీరు ఈ కీలకాన్ని ఆధారం చేసుకుని 1931లో రెండు దారుల ధ్వనికి పేటెంటు కోరాడు. సినిమాహాల్లో తెరమీద మనిషి ఒక పక్కకు నడుస్తుంటే మాట మాత్రం కదలకుండా ఒకే చోట నుంచి రావటం ఆయనకు నచ్చలేదని చెబుతారు. స్టీరియో రికార్డులు అంగళ్ళలోకి వచ్చేసరికి 1958 అయింది.

మార్కాపురంలో మేము మాత్రం చాలాకాలం ఒక్క స్పీకరుతోనే సరిపెట్టుకున్నాం. విజయవాడ రేడియో కేంద్రం 1948లో మొదలైంది, కడప కేంద్రం 1963లో. గిద్దలూరు, కంభం వాళ్ళకు కడప దగ్గర. మా నాన్నగారి మనసు మాత్రం ఎప్పుడూ విజయవాడ మీదే. ఆ రోజుల్లో రేడియో వున్నవాళ్ళు ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టేవారు. ఆ లైసెన్సులు 1980ల నడుమ గాని పోలేదు. పెళ్ళికైనా, చెన్నకేశవస్వామి తిరునాళ్ళకైనా మైకుసెట్టు వాళ్ళు చెట్టుకు కట్టే హారను ఒకటి వుండనే వుంది. అది ఊరందరికీ వినబడటానికి పుట్టిన వస్తువు. ఇంట్లో వినటమనేది వేరే విద్య.

ఇక ఇంట్లో ఎవరి కోరిక వారిది. మావాడికి గోడలు అదరాలి. మా ఆవిడకు టెలివిజనులో మాటలు స్పష్టంగా వినబడాలి. నాకు పాత పాటలు కావాలి. అందరి కోరికలూ, పెట్టె, స్పీకర్లు, తీగెలు అన్నీ కలిపి 40,000 రూపాయలలో తీరాలని తీర్మానం. నాన్నగారు మాత్రం ఏమీ అడగలేదు. నిజానికి చిక్కంతా అక్కడే వుంది.

ఆయనకు 84 ఏళ్ళు. పలకల కార్ఖానాలో కోతయంత్రాల పక్కన ముప్పై ఏళ్ళు గడిపిన మనిషి. కుడిచెవి ఎప్పుడో పోయింది. ఎడమచెవి వుంది గాని దానికీ వయసు వచ్చింది. అమ్మ పోయిన తర్వాత ఆయనకు మిగిలిన కాలక్షేపం పద్యాలూ, వార్తలూ. అవీ జారిపోతున్నాయని మాకు తెలుస్తూనే వున్నది. టెలివిజను ఎదుట కూర్చుంటారు గాని మాట అందదు. శబ్దం పెంచితే "అట్లా అరిపిస్తారేమర్రా!" అంటారు. తగ్గిస్తే "ఏమన్నాడు?" అని అడుగుతారు. నాలుగుసార్లు అడిగి, అయిదోసారి అడగటం మానేస్తారు. అడగటం మానేసిన రోజునుంచే పెద్దవాళ్ళు ఇంట్లో వుండి కూడా లేనట్టవుతారు.

ఒంగోలులో చెవి పరీక్ష చేసిన డాక్టరుగారు దీనికి కారణం తేటగా చెప్పారు. వయసుతో ముందు పోయేవి సన్నని ధ్వనులు. మాటలో అచ్చులు బరువుగా, కింది స్థాయిలో వుంటాయి. స, ష, చ, త వంటి హల్లులకు ప్రాణం ఆ సన్నని ధ్వనుల్లోనే వుంది. అచ్చులు వినబడి హల్లులు వినబడకపోతే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది గాని ఏం మాట్లాడుతున్నారో తెలియదు. శబ్దం మొత్తం పెంచితే ముందే వినబడుతున్న అచ్చులే ఇంకా గట్టిగా మోగుతాయి. ఈ మాట విన్నాక, మేము కొనవలసినది మోత కాదు, స్పష్టత అని నాకు అర్థమైంది.

మావాడు ఒక ఉపాయం చెప్పాడు. "తాతయ్యకు చెవుల్లో పెట్టుకునేవి కొనిస్తే సరిపోతుంది గదా?" అని. స్టీరియో పాటలో కొన్ని వాద్యాలు ఎడమదారిలోనే వుంటాయి, కొన్ని కుడిదారిలోనే. ఇయర్‌ఫోనులో కుడిదారి కుడిచెవికే పోతుంది. ఆ చెవి పనిచెయ్యనివారికి సగం పాట గాలిలో కలిసినట్టే. ఫోనులో రెండు దారులనూ కలిపి వినిపించే మోనో అమరిక ఒకటి వుంటుంది, అది తప్పక పెట్టుకోవాలి. గదిలో స్పీకర్లు పెడితే ఈ బాధ లేదు. రెండింటి ధ్వనీ గది అంతా తిరిగి మంచిచెవిని కూడా చేరుతుంది. దిక్కు తెలియకపోవచ్చు గాని పాట మాత్రం పోదు.

ఇక వాట్ల సంగతి. ఈ వ్యాపారంలో ఎక్కువ మాయ ఇక్కడే. చేతిసంచీలో పట్టే పెట్టెమీద 1,000 వాట్లు పి.ఎం.పి.ఓ. అని అచ్చు వేస్తారు. పెట్టె వెనక్కి తిప్పి, అది వాడుకునే కరెంటు ఎన్ని వాట్లో చూడండి. 40 అని వుంటే, 40 తిని 1,000 ఇచ్చే ఆవు లోకంలో లేదు గదా! ఆర్.ఎం.ఎస్. అని రాసిన అంకెనే నమ్మాలి. అదీ ఎన్ని ఓముల స్పీకరు మీదనో చూసి నమ్మాలి.

అసలు మనకు ఎన్ని వాట్లు కావాలి? మామూలు స్పీకరుకు ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో 87 డెసిబెల్‌ల దాకా మోగుతుంది. మనుషులు మామూలుగా మాట్లాడుకునే మాట 60 దగ్గర వుంటుంది. అంటే ముందుగదిలో హాయిగా వినేటప్పుడు మనం వాడేది చాలాసార్లు ఒక వాటులోపే. 50 వాట్లకు బదులు 100 వాట్లు కొంటే పెరిగేది 3 డెసిబెల్‌లు. అది చెవికి కొద్దిపాటి తేడా. రెట్టింపు గట్టిగా వినబడాలంటే సుమారు పది రెట్లు వాట్లు పొయ్యాలి. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక మావాడి ఉత్సాహం కాస్త చల్లబడింది.

ఇంతలో అమెరికాలో వుంటున్న మా మేనల్లుడు "మామయ్యా, ఇక్కడ చవక, వచ్చేటప్పుడు తెస్తాను" అని ఫోను చేశాడు. ప్రేమకు సంతోషించాను గాని వద్దన్నాను. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అక్కడి యంత్రం ఇక్కడ నడవాలంటే బరువైన ట్రాన్స్‌ఫార్మరొకటి పక్కన కాపలా వుండాలి. రేడియోలోనూ పేచీ వున్నది. అమెరికాలో మీడియం వేవ్ స్టేషన్లు పది పది కిలోహెర్ట్జ్‌ల ఎడంలో వుంటే, మన దేశంలో తొమ్మిదేసి ఎడం. మేము చిన్నప్పటినుంచీ విజయవాడ విన్నది 837 దగ్గర. పదుల మెట్లు మాత్రమే ఎక్కే రేడియో 830 మీద ఒక కాలు, 840 మీద ఒక కాలు వేస్తుంది గాని 837 మీద నిలవదు. అయినా ఇప్పుడు చాలా చవకరకం రిసీవర్లలో ఎఫ్.ఎం. తప్ప మీడియం వేవ్ లేనే లేదు. ఆకాశవాణి ఫోనులో కూడా వస్తున్నది కనుక, బ్లూటూత్ వుంటే ఆ లోటు తీరుతుంది.

తర్వాత చూడవలసినవి వెనకవైపు సందులు. సోనీ వారి ఎస్.టి.ఆర్-డి.హెచ్.190, యమహా వారి ఆర్-ఎస్202 అని ఈ తరగతిలో బాగా పేరున్నవి రెండున్నాయి. రెండూ దారికి 100 వాట్లవే, రెండింటిలోనూ బ్లూటూత్ వుంది. గ్రామఫోను రికార్డులు తిప్పే యంత్రానికి కావలసిన ఫోనో సందు మొదటిదానిలో వుంది, రెండోదానిలో లేదు. రికార్డుల మీదనుంచి వచ్చే సంకేతం చాలా బలహీనం. ఫోనో సందు లేకపోతే దాన్ని పెంచే చిన్న పెట్టె విడిగా కొనాలి. టెలివిజను నుంచి డిజిటల్ తీగె తగిలించే సందు మాత్రం రెండింటిలోనూ లేదు. మీ టెలివిజను వెనక మామూలు ఆడియో సందు వుందో లేదో చూసుకునే అంగడికి వెళ్ళాలి. లేకపోతే ఆప్టికల్ తీగెను మామూలు తీగెగా మార్చే సాధనమొకటి కొని, టెలివిజనులో ధ్వనిని పి.సి.ఎం. అనే అమరికలో పెట్టుకోవాలి. ఈ చిల్లరఖర్చు ముందే బడ్జెటులో వేసుకుంటే తర్వాత ఇంట్లో గొడవలుండవు.

మా వైపు ఎండలు మరో సంగతి. మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆంప్లిఫయరు తానే వేడి పుట్టించే వస్తువు. దానికి 4 ఓముల స్పీకర్లు తగిలిస్తే 8 ఓములవాటికన్న రెట్టింపు కరెంటు లాగి మరింత కాగుతుంది. చవకరకం పెట్టెకు 8 ఓముల స్పీకర్లే క్షేమం. మా అమ్మ రేడియోమీద కప్పిన కుట్టుపూల గుడ్డ ఇంకా మా బీరువాలో వుంది. మా ఆవిడ దాన్ని ముచ్చటపడి తీస్తే, ఈ పెట్టెకు మాత్రం వద్దని బతిమాలుకున్నాను. పైన నాలుగంగుళాలైనా ఖాళీ వుండాలి. అద్దాల అలమరలో బంధించకూడదు.

డబ్బులో సగం స్పీకర్లకు కేటాయించాం. చెవిలో పడేది వాటి నోటిమాటే గదా! ఇక గది. కింద నాపరాళ్ళు, చుట్టూ నున్నటి గోడలు, పైన కాంక్రీటు. అన్న మాట నాలుగు గోడలకూ తగిలి మళ్ళీ వచ్చి హల్లులను అలికేస్తుంది. నేలమీద జంపఖానా పరిచి, కిటికీలకు మందపాటి తెరలు కట్టాం. పైసా ఖర్చు లేకుండా మాటల్లో మసక సగం విడిపోయింది. స్పీకర్లను మూలల్లోంచి ముందుకు జరిపి, చెవి ఎత్తులో పెట్టాం. మూలల్లో పెడితే బరువు ధ్వనులు ఉబ్బి మాటను మింగేస్తాయి.

కొనటానికి మాత్రం నాన్నగారిని వెంటబెట్టుకుని రైల్లో విజయవాడ వెళ్ళాం. అంగట్లో కుర్రవాడు డప్పులు దద్దరిల్లే పాట పెట్టాడు. నాన్నగారు మర్యాదగా తల వూపారు. నేను ఘంటసాల పుష్పవిలాపం పెట్టించాను. అది మోనో కాలం నాటిది. రెండు స్పీకర్లూ ఒకే మాట చెబుతాయి గనుక గొంతు రెండింటి నడుమ నిలబడినట్టు వినబడుతుంది. నాన్నగారు కళ్ళు మూసుకుని పెదవులు కదిపారు. అందరం సంతోషించాం. ఆయనే కళ్ళు తెరిచి, "ఒరే, ఇది నాకు కంఠతా వచ్చు. యంత్రం పలక్కపోయినా నాకు వినబడుతుంది. తెలియనిది పెట్టించు" అన్నారు.

అప్పుడు ఆ పూట వార్తలు పెట్టించాం. ఒక వాక్యం విని ఆపి, తిరిగి చెప్పమన్నాం. మొదటి పెట్టె దగ్గర సగం చెప్పారు. రెండోదాని ముందువైపు బాస్, ట్రెబుల్, బాలెన్స్ అని మూడు నాబులున్నాయి. బాస్ తగ్గించి, ట్రెబుల్ కొంచెం పెంచితే వాక్యం పూర్తిగా అప్పగించారు. అటుపైన ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం పెట్టి, చెవిలో గుచ్చుకునేదాకా ట్రెబుల్ పోలేదని నిర్ధారించుకున్నాం. ధర కూడా మా లెక్కలోనే వుంది. మావాడు మెచ్చినదానికి రిమోటులో ఇరవై మీటలున్నాయి, ట్రెబుల్ మార్చాలంటే తెరమీద అక్షరాలు వెతుక్కోవాలి. నాన్నగారు ఈ నాబును వేళ్ళతో తడిమి, తిప్పి, "ఇది నాకు లొంగుతుంది" అన్నారు. ఆ మాటతో బేరం తెగింది.

ఇప్పుడు ఆయన కుర్చీని కొద్దిగా కుడివైపుకు తిప్పి వేశాం, ఎడమచెవి స్పీకర్లకు ఎదురుగా వుండేట్టు. వార్తలవేళకు ఎవరినీ పిలవకుండా ఆయనే పెట్టుకుంటారు. విన్న వార్త మీద భోజనాల దగ్గర మాతో వాదిస్తారు, తరుచు గెలుస్తారు కూడా. మావాడికి గోడలు అదరలేదన్న కొరత వుంది గాని, తాతతో వాదనకు దిగటానికి వాడూ వార్తలు వినటం మొదలుపెట్టాడు.

కనుక ఇలాంటి వస్తువు కొనబోయేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. అంగడికి వెళ్ళేటప్పుడు ఇంట్లో అందరికన్న తక్కువ వినబడేవారిని వెంట తీసుకువెళ్ళండి. వారికి తెలియని మాటలు వినిపించండి. వారి చెవికి అందినది మిగిలినవారందరికీ అందుతుంది. వారి వేలికి లొంగినది ఇంటిల్లిపాదికీ లొంగుతుంది.