డబ్లిను నగరమున ఒక మరణపత్రము

కడచిన వేసవిలో నేను ఐర్లండు దేశమందు డబ్లిను నగరముననున్న మా తమ్మునియొద్దకు పోయితిని. నగరము నడుమ లిఫీ నది ప్రవహించుచున్నది. దాని యుత్తరపు గట్టున ఆకుపచ్చని గుమ్మటముతో ఫోర్ కోర్ట్సు అను న్యాయస్థానము కానవచ్చును. అంతఃకలహ సమయమున, 1922 జూన్ 30వ తేదీని, ఆ యావరణములోని ప్రాఁతపత్రముల భాండాగారము ప్రేలి దగ్ధమయ్యెను. పూర్వపు జనాభా లెక్కలు, వీలునామాలు పెక్కు బూడిదయైనవి. కాలిన కాగితపు తునకలు ఊరంతట రాలినవఁట!

వంతెనపై నిలిచి యీ సంగతి చెప్పినది మా తమ్ముని పొరుగింటి వృద్ధురాలు. ఈమె ముత్తవ్వ మేయో మండలములో నొక కూలివాని భార్య. బిడ్డలు కొందఱు అమెరికాకు, ఈమె తాత డబ్లినుకు పోఁగా, ఆ ముసలిది దిక్కులేక యొంటిగా మరణించెనని వారింట చెప్పుకొనెడివారు. ఆ మాట యీమె మనస్సున ములుకువలె నుండెడిది.

అదృష్టవశమున మరణముల పుస్తకములు ఆ భాండాగారమున లేవు. 1864 మొదలు ఆ దేశమున ప్రతి మరణమును వ్రాయించుట విధి. ఏఁబదేండ్లు దాటినవానిని ఇప్పుడు ఇంట కంప్యూటరునందే యుచితముగా చూడవచ్చును. ఆమె వంటయింటి బల్లయొద్ద మేమిరువురము కూర్చుంటిమి. 1887లో అదే పేరిటి స్త్రీలు ఇరువురు మరణించిరి. ఒకతె చెప్పులు కుట్టువాని విధవ, రెండవది కూలివాని విధవ. ఊరును బట్టి రెండవదియే యని యెంచితిమి. వయస్సు 65, జబ్బు దగ్గు, వైద్యుఁడు చూడలేదు. ఆనాఁటి పత్రములందు తలిదండ్రుల పేర్లుండవు. స్త్రీకి పుట్టింటిపే రసలే లేదు!

కాని ఒక గడిలో కబురు తెచ్చినవారి పేరు వ్రాయుదురు. అక్కడ వేఱొక యింటిపేరుతో నొక స్త్రీ, “మరణకాలమున దగ్గఱ నుండినది” అనియు, చదువు రానందున నిశానీయుఁ గలవు. ఈమె యెవతె? పొరుగుదా, బిడ్డయా?

వివాహపుస్తకములందు వధూవరుల తండ్రుల పేర్లుండును. ఆ నిశానీ పెట్టినదాని పెండ్లి 1868లో జరిగినది. తండ్రి పేరు మా ముసలమ్మ ముత్తాతదే, ఊరు నదియే. కూఁతురే! 1901, 1911 జనాభా లెక్కలందును ఆమె యా పల్లెననే యున్నది. మొదట 56 ఏండ్లు, పదేండ్లకు 71! (1909 నుండి డెబ్బదేండ్లవారికి పింఛను నీయసాగిరి గదా, వయస్సులిట్లు పెరిగిన యిండ్లు పెక్కు. నేను తప్పుపట్టను.)

“ఒంటిగా పోలేదు,” అని ఆమె రెండుమాఱు లనెను. పిదప నన్ను మా యమ్మమ్మ తల్లి పేరేమని యడిగెను. తద్దినములందు మూఁడు తరముల పేర్లు వినుచు పెరిగిన నేను చెప్పలేకపోయితిని.

మా తమ్ముఁడు ఆ పత్రమును అచ్చుతీసి యిచ్చెను. ఆమె దానిని మడవక, ఆ నిశానీ పైకి కనఁబడునట్లు, తన తల్లి పటముప్రక్క నుంచినది.