మేమెందుకు మిమ్మల్ని పంపుతన్నాం సార్?

డిగ్రీ పిల్లలకు జాషువా 'గబ్బిలం' చెప్పిన ప్రతిసారీ నేను ఒక చోట ఆగుతాను. కాళిదాసు 'మేఘదూతం'లో యక్షుడు భార్యకు దూరమై మేఘాన్ని రాయబారం పంపుతాడు. 1941లో జాషువా ఆ సంప్రదాయాన్నే తీసుకుని తలకిందులు చేశాడు. ఆయన నాయకుడు ఆకలితో ఉన్న అరుంధతీయుడు. అతనిది విరహం కాదు. తన గోడు శివుడికి చెప్పుకోవాలి. గుడిలోకి అతన్ని రానివ్వరు. గబ్బిలాన్ని ఎవరూ ఆపరు. అందుకే దాన్ని పంపాడు.

ఇక్కడికి వచ్చేసరికి తరగతి నిశ్శబ్దమైపోతుంది. ఈసారి అలా కాలేదు. వెనక బెంచీలో ఒకమ్మాయి లేచింది. పాతపట్నం వైపు పల్లె, హాస్టల్లో ఉంటుంది.

"ఆయనకంటే తలుపు మూసీసినారు సార్. ఆఫీసు తలుపు తీసే ఉంది కదా. మరి మేమెందుకు మిమ్మల్ని పంపుతన్నాం?"

నాకు మాట రాలేదు.

స్కాలర్‌షిప్ ఆగినా, హాస్టల్లో నీళ్ల మోటారు కాలిపోయినా పిల్లలు నాలుగేళ్లుగా నా దగ్గరకే వస్తున్నారు. నేను ఫోన్ చేస్తాను, పనవుతుంది. "మా సార్ ఉన్నారు" అంటారు. ఆ మాట నాకు బాగుండేది. నేనూ హాస్టల్లో చదివినవాణ్ణే. డాక్టరేట్ వచ్చాకే ఆఫీసుల్లో నాకు కుర్చీ చూపించారు. ఆ కుర్చీ రుచి మరిగి, అదే నాయకత్వం అనుకున్నాను. నిజానికి నేను వాళ్ల గబ్బిలాన్ని. వాళ్ల భయాన్ని నేనే పెంచాను.

మూసిన తలుపులు ఇప్పటికీ చాలా ఉన్నాయి. వాటిమీద పోరాటం ఆగదు. అయితే 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది గానీ, తెరిచిన గుమ్మం ముందు మన కాళ్లు వణకడాన్ని రద్దు చేయలేదు. ఆ వణుకు ఎవరికి వాళ్లు గుమ్మం దాటితేనే పోతుంది.

మర్నాడు ముగ్గురమ్మాయిలు మోటారు గురించి అర్జీ రాసి తెచ్చారు. "మా యందు దయ ఉంచి" అని మొదలుపెట్టారు. నేను దిద్దలేదు. "ఈ మాట ఎందుకు రాశారు?" అని మాత్రం అడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ అమ్మాయే పెన్ను తీసుకుని ఆ మాట కొట్టేసింది.

వాళ్లు ఆఫీసులోకి వెళ్తే నేను బయట చెట్టు కింద నిలబడ్డాను. జేబులో ఫోన్ ఉంది. చెయ్యి రెండుసార్లు దాని మీదికి పోయింది. పావుగంటకి బయటికొచ్చారు. "సోమవారం రమ్మన్నారు సార్."

మోటారు ఇంకా బాగవలేదు. కానీ సోమవారం నాకెవరూ ఫోన్ చేయలేదు. వాళ్లే మళ్లీ వెళ్లారు. ఈసారి ఏడుగురు.

వచ్చే భాగంలో ఏకలవ్యుడి గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.