కారం మీద నింద

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఆయన గుమాస్తా. తెల్లారేసరికి లారీల దగ్గర ఉండాలి. చొక్కా జేబులో పెన్నుతోపాటు గ్యాస్ మాత్రల అట్ట కూడా ఉండాల్సిందే. పరగడుపున మంట, అర్ధరాత్రి నొప్పి... పద్దెనిమిదేళ్లుగా ఇదే వరస.

తప్పెవరిది? ఇంకెవరిది, కారానిది! ఆ కారం వేసిందెవరు? ఇల్లాలు!

‘నీ ఆవకాయే నా కడుపు కాల్చేసింది’ అనేవాడాయన. ఆమె మారు మాట్లాడలేదు. జాడీ అటకెక్కించింది. ఆయనకో చప్పిడి కూర, పిల్లలకో కూర... రోజూ రెండు వంటలు. చుట్టాలొస్తే కొల్లేరు చేపల పులుసు వాళ్లకి, మజ్జిగన్నం ఆయనకి. అయినా మంటా తగ్గలేదు, నిందా తగ్గలేదు.

ఓ రోజు విరేచనం తారులా నల్లగా అయింది. ఆమె కంగారుపడి ఏలూరు తీసుకెళ్లింది. ఎండోస్కోపీ చేస్తే పుండు కనిపించింది. డాక్టరు జీర్ణాశయం లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష మందులో వేశారు. కాసేపటికి పసుపు రంగు కాస్తా గులాబీకి తిరిగింది. ‘ఇది కారం పని కాదండీ, సూక్ష్మజీవి పని’ అన్నారాయన.

దాని పేరు హెలికోబ్యాక్టర్ పైలోరీ. కడుపులోని ఆమ్లం చాలా సూక్ష్మజీవుల్ని చంపేస్తుంది. ఇది మాత్రం యూరియాను విడగొట్టి అమ్మోనియా తయారుచేసుకుని, తన చుట్టూ ఉన్న ఆమ్లాన్ని విరిచేస్తుంది. మెలి తిరిగిన ఒంటితో జిగురు పొరలోకి దూరి లోపలి కణాలకు అతుక్కుంటుంది. ఆ కణాలు ప్రమాద సంకేతాలు పంపగానే తెల్ల రక్తకణాలు పరిగెత్తుకొస్తాయి. శత్రువేమో జిగురు చాటున క్షేమం. రక్తకణాలు చిమ్మే రసాయనాలకు జీర్ణాశయం గోడే వాచిపోతుంది. చేపల చెరువు గట్టులో పీత దూరితే, దాన్ని పట్టడానికి గట్టంతా తవ్వేసినట్టన్నమాట! గట్టు గుల్లయ్యాక మిగతా పని ఆమ్లం చూసుకుంటుంది. అదే అల్సర్.

ఈ సంగతి మొదట్లో వైద్యులే నమ్మలేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ 1982లో ఈ సూక్ష్మజీవిని ప్రయోగశాలలో పెంచగలిగారు. ఎవరూ ఒప్పుకోకపోయేసరికి 1984లో మార్షల్ ఏకంగా దాన్ని తాగేశారు! కొద్దిరోజుల్లోనే వాంతులు. ఎండోస్కోపీ చేస్తే కడుపు లోపల వాపు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

మరి ఇదెలా అంటుకుంటుంది? ఎక్కువగా చిన్నతనంలోనే... ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి, కలుషితమైన నీటి ద్వారా. ఆయన పుట్టి పెరిగింది కొల్లేటి లంకలో. వేసవిలో ఏ నీళ్లు దొరికితే అవే తాగిన బాల్యం. ఇది కడుపులో ఉన్నవాళ్లందరికీ పుండు పడదు. కానీ జీర్ణాశయ క్యాన్సర్‌కూ ఇది కారణం కాగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1994లోనే తేల్చింది. అయినదానికీ కానిదానికీ నొప్పుల మాత్రలు మింగినా పుండ్లు పడతాయి. కారం మంటను పెంచవచ్చేమోగానీ, పుండుకు మూలం అది కాదు.

రెండు రకాల యాంటీబయాటిక్స్, ఆమ్లాన్ని తగ్గించే మాత్ర... పద్నాలుగు రోజుల కోర్సు. అయిదో రోజుకే ‘నోరంతా చేదు, మంట తగ్గిందిగా’ అంటూ ఆయన ఆపేయబోయాడు. మధ్యలో మానేస్తే సూక్ష్మజీవి మందుకు లొంగకుండా మొండికేస్తుందని డాక్టరు చెప్పిన మాట ఆమె మరచిపోలేదు. పూటపూటా మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడింది.

మామిడికాయల రోజులొచ్చాయి. ‘ఈ ఏడు రెండు జాడీలు పెట్టు’ అన్నాడాయన, ఆమె మొహం చూడకుండానే. పద్దెనిమిదేళ్ల నిందకు ఆయన చెప్పుకోగలిగిన క్షమాపణ అంతే.

ఆమె అటక మీది జాడీ దించి దుమ్ము తుడిచింది.

‘కోర్సయ్యాక నాలుగు వారాలాగి ఊదే పరీక్ష చేయించుకోమన్నారు కదండీ. ముందది తేలనివ్వండి. ముద్ద నేనే కలిపి పెడతాను’ అంది.