వేసవిలో పిల్లలను ఎక్కడికి తీసుకొనిపోదాము?

ఏప్రిల్ నెల ముగియుచుండగానే బడులకు తాళములు పడును. ఆ మరునాటి నుండి మన ఇండ్లలో ఒకటే మాట: "ఎటన్న పోదాం." మన ఎల్లంతకుంట ప్రాంతములో ఈ మాటకు జవాబు చెప్పుట సులభము కాదు. తండ్రి సిరిసిల్లలో సాంచాల మీదనో, గల్ఫు దేశములోనో ఉండును. తల్లి ఒడిలో బీడీల చాట ఉండును. జూన్ నెల వచ్చినచో నోటు పుస్తకములు, విత్తనములు, ఎరువులు అన్నియు ఒక్కసారే కొనవలెను. ఇక విహారయాత్రకు డబ్బు ఎక్కడిది?

రెండు వేసవుల క్రితము మేము చేసిన తప్పును ముందుగా చెప్పుకొందుము. సండేస్కూలు పిల్లలను హైదరాబాదు జూకు తీసుకొనిపోవలెనని తలంచి, ఒక బస్సును కిరాయికి మాట్లాడితిమి. తలకు 500 రూపాయలు. ఆదివారము ఆరాధన ఉండును గనుక సోమవారము బయలుదేరితిమి. అక్కడికి చేరి చూడగా పెద్ద గేటు మూసి ఉన్నది. నెహ్రూ జూ పార్కుకు ప్రతి సోమవారము సెలవు. ఈ సంగతి ఎవరిని అడిగినను చెప్పెడివారు, మేమే అడుగలేదు. చివరకు ట్యాంకుబండు మీద ఒక గంట నిలబడి, ఎండకు సోలిపోయి, ముగ్గురు పిల్లలు వాంతులు చేసుకొనగా రాత్రికి ఇల్లు చేరితిమి.

పులి కనబడలేదన్న బాధ పిల్లలు వారములో మరచిపోయిరి. మేము మరువలేనిది వేరొకటి. ఆరుగురు పిల్లలు డబ్బు కట్టలేక ఆగిపోయి, బస్సు కదలునప్పుడు రోడ్డు ప్రక్కన నిలబడి చేతులు ఊపిరి. కొన్నాళ్ళకు ఒక తల్లి మా ఇంటికి వచ్చి మాటల మధ్యలో ఇట్లనెను: "ఇద్దరు పోరగాండ్లకు వెయ్యి రూపాయలు టేకేదారు దగ్గర చేబదులు తెచ్చిన అయ్యగారూ. ఇంక తెగలేదు." ఎన్ని కట్టల బీడీలు చుట్టిన ఆ అప్పు తీరునో ఆమెకే తెలియును. మూసిన గేటు చూపించుటకు ఆమె చేత అప్పు చేయించితిమి.

కావున నిరుడు వేసవిలో పెద్దలతో కూర్చుండి ఒక నిర్ణయము చేసితిమి: ఏ పిల్లవాని తల్లిని డబ్బు అడుగరాదు, అడిగినను అది ఒక పూట కూరగాయల ఖర్చును మించరాదు. ఒక పెద్ద యాత్రకు బదులు మూడు చిన్న ప్రయాణములు పెట్టుకొంటిమి.

మొదటిది సిరిసిల్లకే. "అక్కడ ఏమున్నది అయ్యగారూ, రోజు చూసేదే గద" అని కొందరు నవ్విరి. నిజమే, ఊరు చూచినదే. కాని తండ్రి పనిచేయు షెడ్డు లోపలికి వెళ్ళిన పిల్లలు ఎందరు? ఒక ఆసామిని అడిగి అనుమతి తీసుకొని, ఉదయము ఏడు గంటలకే చేరితిమి. పట్టీలు, చక్రములు తిరుగుచుండును గనుక నలుగురేసి మాత్రమే లోపలికి. ఆడపిల్లల చున్నీలు బయటనే విప్పించి, జడలు ముడి వేయించితిమి. బీము మీద పడుగు పోగులు వేలకొలది వరుసగా ఉండుట, నాడె ఇటు నుండి అటు, అటు నుండి ఇటు పరుగెత్తుట, ఒక పోగు తెగినచో మనిషి సాంచాను ఆపి రెప్పపాటులో ముడివేసి మరల నడుపుట, బీము అయిపోయినప్పుడు వైపని చేయువారు కొత్త పోగులను పాత పోగులకు ఒక్కొక్కటిగా కలుపుట, ఇవన్నియు పిల్లలు నోరు తెరచుకొని చూచిరి. ఒక్క మనిషి అన్ని సాంచాల మధ్య తిరుగుచుండగా ఆ మోతలో మాట వినబడదు. వారు చేతులతోనే సైగలు చేసికొందురు.

బయటకు వచ్చిన తరువాత ఏడవ తరగతి పిల్లవాడొకడు వేపచెట్టు క్రింద ఊరకనే నిలబడెను. వాని తండ్రి ఆ షెడ్డులోనే పనివాడు. ఏమైనదిరా అని అడిగితిమి. "మా నాయినకు చెవులు సరిగ వినబడయని ఇంట్ల నవ్వుకుంటుంటిమి" అని మాత్రము అనెను. ఆ దినమునకు మా ఖర్చు బస్సు ఛార్జీలు, ఒక పెద్ద సంచి మురుమురాలు.

రెండవది మన మండలములోనే ఉన్న అనంతగిరి జలాశయము. దీనిని అన్నపూర్ణ జలాశయమని పిలుచుచున్నారు. మధ్య మానేరు నీరు సొరంగము గుండా తిప్పాపూరు వరకు రాగా, అక్కడి భూగర్భ పంపులు పైకి తోడును. 3.5 టి.యం.సి. నీరు పట్టు ఈ జలాశయము నుండి సిద్దిపేట వైపు రంగనాయక సాగరుకు నీరు పోవును. 2020లో ఇది మొదటిసారి నిండెను. అనంతగిరి గ్రామము ఆ నీటి క్రింద పోయినది.

సాయంత్రము నాలుగున్నర దాటిన తరువాతనే వెళ్ళితిమి. ఆ ఊరి పెద్దమనిషి ఒకరిని బ్రతిమాలి వెంట తీసుకొనిపోయితిమి. ఆయన కట్ట మీద నిలబడి చేయి చాపి, అదిగో అటు మా వాకిలి, ఇటు చేదబావి, ఆ నడుమ చింతచెట్టు అని చూపుచుండగా, అల్లరి చేయుచున్న పిల్లలు ఒక్కొక్కరుగా ఊరకుండిరి. ఒక చిన్నది "తాతా, చెట్టును గూడ తెచ్చుకుంటే అయిపోవు గద" అనెను. ఆయన నవ్వెను గాని జవాబు చెప్పలేదు.

ఇచ్చట ఒక మాట గట్టిగా చెప్పవలెను. నీటి దగ్గరకు పిల్లలను ఊరకనే పంపవద్దు. కట్ట లోపలి వైపు రాళ్ళు పాచి పట్టి జారును, అడుగు పెట్టిన వెంటనే లోతు. కట్ట పైభాగము దాటి ఒక్క అడుగైనను దిగరాదని కట్టడి చేసి, ఐదుగురికి ఒక పెద్దను నియమించి, అరగంటకొకసారి తలలు లెక్కపెట్టితిమి. ట్రాక్టరు ట్రాలీ చౌకగా దొరుకును గాని పిల్లలను అందులో ఎక్కించవద్దు. ఆటోలకైన ఖర్చును ఇద్దరు పెద్దలు పెట్టుకొనిరి.

మూడవది మెదకు. సిద్దిపేటలో బస్సు మారి రామాయంపేట మీదుగా పోవలెను. 2023 డిసెంబరు 9 నుండి మన రాష్ట్రములో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవారికి, ఆడపిల్లలకు టికెట్టు డబ్బు లేదు. ఆధార్ కార్డు చూపిన చాలును, జీరో టికెట్టు ఇత్తురు. ఐదేండ్ల లోపు వారికి ఎట్లును లేదు. ఐదు నుండి పన్నెండేండ్ల మగపిల్లలకు అర టికెట్టు. ఎప్పుడును ఖర్చు అని వెనుకకు నెట్టబడు ఆడపిల్లలు ఈసారి ముందు వరుసలో కూర్చుండిరి. మగపిల్లల కొరకు మేము చిల్లర లెక్కపెట్టుకొంటిమి. అప్పు చేసిన ఆ తల్లియు పులిహోర మూటతో వచ్చెను.

మెదకు చర్చిని గూర్చి మన వారికి కొంత తెలిసినదే. మొదటి ప్రపంచ యుద్ధ కాలములో ఈ ప్రాంతము కరువుతో అల్లాడుచుండగా, పాస్నెట్ దొరగారు 1914లో పని ఆరంభించి, ఆకలిగొన్న వారికి పని కల్పించి అన్నము పెట్టిరి. 1924 డిసెంబరు 25న దేవాలయము ప్రతిష్ఠింపబడెను. గోపురము ఎత్తు 175 అడుగులు. లోపల రంగుటద్దముల కిటికీలు మూడు: క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము. బయటి వెలుతురు లోపలికి వచ్చినప్పుడే ఆ బొమ్మలు కనబడును గనుక పగటి వేళనే చేరవలెను. పిల్లలు చల్లని నేల మీద కూర్చుండి తలలు పైకెత్తి చాలసేపు చూచిరి. మా సాంచాల షెడ్డు పిల్లవాడే అడిగెను: "కట్టినోళ్ళకు కూలి ఎంతిచ్చిండ్రు?" కడుపునిండ తిండి అని చెప్పితిమి. "ఇంటికాడి పిల్లలకు గూడనా?" అని మరల అడిగెను. దానికి సరియైన జవాబు మా యొద్ద లేకపోయెను.

ఎండ మాట మరువరాదు. మజ్జిగ, ఉప్పు చక్కెర కలిపిన నీళ్ళు, తలకు తువ్వాల, పదకొండు గంటల నుండి నాలుగు వరకు నీడ. బయట రంగు ఐసులు కొనిపెట్టితిమా, మరునాడు సగము మందికి కడుపునొప్పి వచ్చును.

ఈ వేసవికి సిద్దిపేట రైలు అనుకొనుచున్నాము. 2023 అక్టోబరు 3న అక్కడి నుండి సికింద్రాబాదుకు రైలు మొదలైనది. మా పిల్లలలో చాలమంది రైలు ఎక్కి ఎరుగరు. వేళలు, సెలవు దినములు ఈసారి ముందుగానే కనుగొని, దిగిన తరువాత ఎక్కడికి పోదామని వారినే అడిగితిమి. "ఎటు వద్దు అయ్యగారూ, మళ్ళ రైలెక్కి వస్తం" అనిరి.