థేమ్సు తీరమున తొలి సాయంకాలము

1961వ సంవత్సరము జూన్ నెలలో రాజమహేంద్రవరమునుండి ఒక గణితోపాధ్యాయుడు శిక్షణకై లండను నగరమునకు వెళ్లెను. ఆయన వెంట భార్యయు వెళ్లెను. పిమ్లికో పేటలో, థేమ్సు నదికి కూతవేటు దూరమున వారికి బస దొరికెను. పెట్టెలు దించి, రొట్టెయు పాలును తీసికొనునప్పటికి సాయంకాలము ఆరు గంటలైనది. దంపతులు ఊరు చూడ బయలుదేరిరి. "రాత్రి పది గంటలకు వీధితలుపు గడియ పడును" అని ఇంటి యజమానురాలు హెచ్చరించెను. "దీపములు పెట్టువేళకే తిరిగి వత్తము" అని ఆమెకు భర్త బదులు చెప్పెను.

ఉపాధ్యాయునకు ఒకరిని దారి అడుగుట ఇష్టము లేదు. ఇరువదియేండ్లు తరగతిలో ఇతరులకు దారి చూపినవారికి అది సహజమే కాబోలు! "నది ఉండగా దారి తప్పుట ఎట్లు? పోవునప్పుడు నీటివెంట పోవుదము. వచ్చునప్పుడు నీటికి ఎదురుగా వత్తము. లెక్క సరిపోయినది" అని ఆయన భార్యతో అనెను. గోదావరి గట్టున పుట్టి పెరిగినవారికి నదికంటె నమ్మదగిన గుర్తు మరేమున్నది?

అప్పుడు థేమ్సు వడిగా పారుచుండెను. నీరు మిక్కిలి తగ్గి, గట్టు ప్రక్కన గులకరాళ్లును బురదయు బయలుపడి ఉండెను. రాతిగోడపై నీటికి చాల ఎత్తున పచ్చని పాచి కనబడెను. "ఇంత ఎత్తువరకు నీరు ఎప్పుడు వచ్చినదో!" అని భార్య నిలిచి చూచెను. ఆయన ముందుకు సాగిపోయెను.

కొంత నడువగా పార్లమెంటు భవనమును, దాని గడియారపు గోపురమును కనబడినవి. బిగ్‌బెన్ అనునది గోపురము పేరని చాలమంది తలంతురు. నిజమునకు అది లోపల వ్రేలాడు పెద్దగంట పేరు. 13 టన్నులకు పైబడిన ఆ గంట 1859లో మ్రోగ మొదలిడెను.

అటనుండి వారు నదిని విడిచి ట్రఫాల్గరు కూడలికి పోయిరి. ఎత్తైన స్తంభముపై నెల్సను నిలిచి ఉండెను. భార్య కన్నులు నెల్సనుపై నిలువలేదు, క్రింది పావురములపై నిలిచినవి. అక్కడ మేత వేయుట 2003లో నిషేధింపబడినది కాని, ఆ దినములలో గింజలు అమ్మువారు ఉండెడివారు. భర్త గింజల వెలను రూపాయలలోనికి మార్చి నిట్టూర్చి, అయినను ఒక పొట్లము కొనెను. ఆమె చేయి చాపగా రెండు పావురములు వచ్చి వ్రాలినవి. "ఈ ఊరిలో మనలను మొదట పలుకరించినవి ఇవియే" అని ఆమె నవ్వెను.

అక్కడనే చాలసేపు కూర్చుండిరి. నీడలు సాగినవి కాని చీకటి జాడ లేదు. జూన్ నెలలో లండనున సూర్యుడు రాత్రి 9 గంటలు దాటినగాని అస్తమింపడు. గోదావరి తీరమున ఏడింటికి ముందే ప్రొద్దు గ్రుంకును. ఉపాధ్యాయుడు ఈ సంగతి పాఠములలో చెప్పినవాడే. అయినను గడియారము చూచుకొని ఉలికిపడెను. ఎనిమిదిన్నర దాటినది!

త్వరత్వరగా వేరొక వీధిగుండ వాటర్లూ వంతెన చెంత నది ఒడ్డు చేరిరి. వంతెనయు చెట్లును అడ్డుపడుటచే గోపురము కానరాలేదు. ఆయన నీటివైపు చూచి, "నీరు కుడివైపునకు పోవుచున్నది. మనము ఎడమకు పోవలెను" అని నిశ్చయించెను. ఇనుపచేపలు చుట్టుకొన్న స్తంభములపై దీపములు వెలిగినవి. ఆకాశమున ఇంకను వెలుగుండగనే వెలిగిన ఆ దీపములకు భార్య చేతులు జోడించెను. ఎదుట ఒక పెద్ద గుమ్మటము కనబడినది. అది సెయింటు పాల్ దేవాలయము.

"వచ్చునప్పుడు దీనిని చూడలేదండీ."

"చూచి మరచితిమి" అని ఆయన అనెను. కాని ఆయన అడుగులు మందగించినవి. చిరునామా కాగితమునకై జేబులు తడిమెను. అది బసలోనే ఉండిపోయినది. వీధి పేరు ఎంత తలచినను జ్ఞప్తికి రాలేదు.

భార్య నదిలోనికి దిగు రాతిమెట్లకడ నిలిచెను. ఆమె చూచుచుండగనే నీరు ఒక మెట్టు అంచు దాటి పైకి పొరలెను. "ఏమండీ, ఇది పోటు" అని ఆమె కేక వేసెను. ఆమె పుట్టినిల్లు అంతర్వేది. వసిష్ఠ గోదావరి సముద్రమున కలియు ఆ చోట, నీరు ఎదురు పారుట చిన్ననాటినుండి ఆమె చూచినదే. రాజమహేంద్రవరము ధవళేశ్వరము ఆనకట్టకు ఎగువనున్నది. అచ్చటికి పోటు రాదు. లండనులోనో, థేమ్సు దినమునకు రెండుమారులు సుమారు 20 అడుగులవరకు పొంగి వెనుకకు పారును.

"ఇంత పెద్ద నది వెనుకకు పారునా?" అని ఆయన అనుచుండగనే గంట మ్రోగెను. ఇద్దరును లెక్కించిరి. తొమ్మిది. ఆ మ్రోత వారి వెనుకనుండి వచ్చినది.

ఆయన మారుమాట లేక వెనుదిరిగెను. ఇరువురును వడివడిగా నీటివెంట నడచిరి. గోపురము దాటిన పిదప ఆయన మెల్లగా, "రేపు కూడ ఈ వేళకే తిరుగునా?" అని అడిగెను. "ముప్పాతిక గంట ఆలస్యముగా తిరుగును" అని ఆమె వ్రేళ్లపై లెక్కించి చెప్పెను. ఆయన ఒక దీపస్తంభముకడ ఆగి, జేబుపుస్తకము తీసి దానిని వ్రాసికొనెను.

వారు బస చేరునప్పటికి యజమానురాలు గడియపై చేయి వేసి ఉండెను. పడమటి ఆకాశమున అప్పటికిని కొంత వెలుగు మిగిలి ఉండెను.