మనము పెట్టు పేర్లు



కవ్వాల్ అడవి అంచున, జన్నారము దాపున నేను కొంతకాలము కాపురముంటిని. 2016లో జిల్లాలు విడిపోయి ఆ ప్రాంతము మంచిర్యాలలో చేరినది గాని, నేనున్నప్పుడు అది ఆదిలాబాదు జిల్లాయే. చుట్టును టేకు చెట్లు. మా పెరటి మామిడిపైకి దినదినము ఒక గోకురాయి వచ్చెడిది.

ఇది కాకి జాతి పక్షియే. అయినను మసి రంగు దీని తలకు, మెడకు మాత్రమే అబ్బినది. ఒడలు దాల్చినచెక్క వన్నె. రెక్కలపై తెల్లని పట్టె. జానెడు బూడిదరంగు తోక, దాని కొన నలుపు. ఒకమారు గరగరమని అరచును, మరుక్షణమే తీయగా పలుకును. పండ్లు, పురుగులు, తొండలు, ఇతర పక్షుల గ్రుడ్లు, మాంసము, ఏది దొరికినను తినును.

ఒక వేసవిలో మేము దండెముపై ఎండవేసిన మాంసపు వరుగులు తరిగిపోవుచుండెను. మాకు నీళ్లు మోయు పిల్లవానిపై నాకు అనుమానము కలిగెను. పదిమంది యెదుట వానిని "దొంగా" అంటిని. "నేను తియ్యలే అయ్యా" అని మాత్రము చెప్పి, బిందె దించి వాడు వెళ్లిపోయెను.

మూడవనాడు గోకురాయి దండెముపై వ్రాలి, ఒక వరుగును కరచుకొనిపోయి, మామిడి బెరడు పగులులో దూర్చుట కన్నులార చూచితిని. నిచ్చెన వేసి వెదకగా అక్కడ మరి రెండు దొరికెను. మిగిలిన ఆహారమును దాచుకొనుట దీనికి సహజమని పిమ్మట తెలిసికొంటిని.

ఆ సాయంకాలమే వాని గుడిసెకు పోతిని. వాని తల్లి నన్ను మంచముపై కూర్చుండబెట్టి చల్లని నీళ్లిచ్చెను. "తప్పు నాది బిడ్డా" అంటిని. వాడు తల యెత్తలేదు. మరునాడు నీళ్లు తెచ్చెను గాని, మునుపటివలె పాడుచు రాలేదు.

ఈ పక్షికి మనుష్యులు పెట్టిన పేర్లు చూడుడి. హిందీవారు టకాచోర్, అనగా డబ్బుల దొంగ యందురు. బెంగాలీలు హాండీచాచా, అనగా కుండలు గీకునది యందురు. లేథమ్ అను ఆంగ్లేయ పండితుడు 1790లో దీనికి లాటిను భాషలో దేశదిమ్మరి యను అర్థము గల పేరు పెట్టెను. ఈ పేర్లలో ఒక్కటియు దాని చెవిని పడలేదు. నేను పెట్టిన పేరు మాత్రము ఆ పిల్లవాడు వినెను.

ఆదాము జీవులన్నిటికి పేర్లు పెట్టెనని చదువుచున్నాము. ఆ అధికారము నేటికిని మన నోటనున్నది. ఎవనికైనను పేరు పెట్టకముందు, ఒక్కమారు చెట్టువైపు తలయెత్తి చూడుడి.