తుపాకీ, కళ్ళజోడు, మా నాన్న

2024 పారిస్ ఒలింపిక్స్ అప్పుడు మా టీము వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో తెగ తిరిగింది. మీకూ వచ్చే ఉంటుంది. టర్కీ షూటరు యూసుఫ్ డికెచ్. యాభై ఒక్కేళ్ళ మనిషి, టీషర్టు వేసుకుని, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, మామూలు కళ్ళజోడుతో తాపీగా నిలబడి, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మిక్స్‌డ్ టీము పోటీలో వెండి పతకం పట్టుకుపోయాడు. (అదే పోటీలో కంచు పతకం మన మనూ భాకర్, సరబ్‌జోత్ సింగ్‌లది. మీమ్స్ మాత్రం అన్నీ ఆయన మీదే!) మిగతా షూటర్లేమో ఒక కంటికి గుండ్రటి లెన్సు, రెండో కంటికి అడ్డంగా ఒక ముక్క పెట్టుకుని రోబో సినిమాలోంచి వచ్చినట్టున్నారు.

ఆ ఫోటో ప్రభావమో, రోజుకి పదిగంటలు స్క్రీను చూసీ చూసీ వచ్చిన విరక్తో తెలీదు గానీ, కొన్నాళ్ళకి నేనూ ఎయిర్ పిస్టల్ క్లాసుల్లో చేరిపోయాను. మన ఊరికి ఈ ఆట కొత్తేమీ కాదు. 2012 లండన్‌లో కంచు పతకం తెచ్చిన గగన్ నారంగ్ ఇక్కడ పెరిగినవాడే. 2018లో పదమూడేళ్ళకే జాతీయ ఛాంపియన్ అయిన ఈషా సింగ్ ఇక్కడి పిల్లే. కాబట్టి గాలిలోనే ఏదో ఉందని నాకు నేను చెప్పుకుని, ఫీజు కట్టేశాను :)

మా ఇల్లు లక్డీకాపూల్‌లో. ఆ రాత్రి భోజనాల దగ్గర విషయం చెప్పాను. అమ్మ "ఉన్న పనులు చాలక తుపాకులొకటా" అంది. నాన్న అన్నం కలుపుకుంటూ ఒకటే అడిగారు.

"కళ్ళకేం పెట్టుకుంటావు?"

"కళ్ళజోడు ఉందిగా నాన్నా. ఆ టర్కీ ఆయన కూడా మామూలు కళ్ళజోడే పెట్టుకున్నాడు."

నాన్న మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోతే ఎందుకో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆయనకి ఎడమ కన్ను లేదు. బాలానగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో పనిచేసేవారు. నాకు నాలుగేళ్ళప్పుడు గ్రైండింగ్ చక్రం దగ్గర ఇనప రవ్వ ఎగిరి కంట్లో దిగింది. ఇప్పటికీ రోడ్డు దాటేటప్పుడు తల మొత్తం ఎడమ వైపుకి తిప్పి చూస్తారు. గ్లాసులో మంచినీళ్ళు పోసేటప్పుడు జగ్గు మూతిని గ్లాసు అంచుకి ఆనించి పోస్తారు. చిన్నప్పుడు అందరి నాన్నలూ అలాగే పోస్తారనుకునేవాణ్ణి.

సరే, శనివారం పొద్దున్నే బయల్దేరాను. మెట్రో ఎక్కితే ఖైరతాబాద్, ఎర్రమంజిల్, పంజాగుట్ట, అమీర్‌పేట్. జావా నుంచి కళ్ళద్దాల దాకా ఏదైనా అక్కడ దొరుకుతుందని మన నమ్మకం కదా! ఒక కళ్ళద్దాల షాపులో అడిగాను. "షూటింగ్ గ్లాసెస్ కావాలి. నాకు మైనస్ నాలుగు పవరుంది."

ఆయన ఉత్సాహంగా ఒక లెన్సు తీసి టపీమని నేలకేసి కొట్టాడు. "చూశారా సార్, అన్‌బ్రేకబుల్!"

నాకు మెచ్చుకోవాలనే అనిపించింది, కానీ బుర్రలో లెక్క మొదలైంది. (ఇంజనీరింగ్ చదివినందుకు మిగిలిన జబ్బు ఇదొక్కటే.) నడుమెత్తు నుంచి వస్తువు వదిలితే నేలని తాకేసరికి దాని వేగం సెకనుకి దాదాపు 5 మీటర్లు. ఆయన కాస్త గట్టిగా విసిరాడు, ఇంకో అయిదు వేసుకుందాం. ఎయిర్ పిస్టల్ నుంచి వచ్చే పెల్లెట్ వేగం సుమారు 150 మీటర్లు. అంటే పదిహేను రెట్లు. శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అదే బరువుకి 225 రెట్లు. ఆయన చేసింది టెస్టింగ్ కాదు, డెమో. రెండిటికీ తేడా మనకంటే బాగా ఎవరికి తెలుసు?

ఇంటికొచ్చి కూర్చుని చదవడం మొదలెట్టాక అర్థమైన మొదటి విషయం ఏంటంటే, "షూటింగ్ గ్లాసెస్" అనే ఒకే పేరుతో రెండు వేరే వేరే వస్తువులున్నాయి.

ఒకటి చూపు కోసం. ఒలింపిక్స్‌లో కనపడే రోబో కళ్ళజోళ్ళు ఇవే. పిస్టల్ కొట్టేటప్పుడు కన్ను ఒక్క దూరం మీదే ఫోకస్ చెయ్యగలదు. చెయ్యి చాపితే ముందు చివర ఉండే సైటు స్పష్టంగా కనపడాలి, టార్గెట్ మసగ్గా ఉన్నా ఫరవాలేదు. దానికి తగ్గ పవరుతో ఒక లెన్సు, కాంతిని తగ్గించే చిన్న ఐరిస్ (కెమెరాలో రంధ్రం చిన్నదైతే ఎక్కువ లోతు స్పష్టంగా వస్తుంది చూడండి, అదే సూత్రం), రెండో కంటి ముందు ఒక అడ్డు. ఈ అడ్డు 30 మిల్లీమీటర్ల వెడల్పు మించకూడదని అంతర్జాతీయ నిబంధన. అది నల్లటిదిగా కాకుండా వెలుతురు వచ్చే తెల్లటి ముక్క అయితే మంచిది. ఎందుకంటే ఒక కంటిని చీకట్లో పెడితే రెండో కంటి పాప కూడా పెద్దదవుతుంది. ఇవన్నీ బ్రహ్మాండమైన ఏర్పాట్లే. కానీ గుండ్రటి లెన్సు చుట్టూ అంతా ఖాళీయే. ఇది కంటికి సాయం, కాపలా కాదు.

రెండోది కాపలా కోసం. పక్కల దాకా చుట్టుకునే పాలీకార్బొనేట్ అద్దాలు. మనం పాటలు రాసుకున్న సీడీలు కూడా పాలీకార్బొనేటే. దెబ్బ తగిలితే గాజులా పెంకులవదు, సాగి ఆపుతుంది. అయితే గీతలు తొందరగా పడతాయి, అందుకే పైన గట్టి పూత ఉండాలి. అసిటోన్‌తో తుడిస్తే పాడైపోతుంది. ట్రైవెక్స్ అని ఇంకోటుంది, దెబ్బకి దీనికి దీటుగా ఉంటుంది, చూపు ఇంకాస్త తేటగా ఉంటుంది. మన మామూలు ప్లాస్టిక్ లెన్సులూ, సన్నగా ఉంటాయని డబ్బులెక్కువ పెట్టి కొనే హై ఇండెక్స్ లెన్సులూ ఈ పనికి చేసినవి కావు.

మరి ఏది గట్టిదో ఎలా తెలుస్తుంది? షాపతని మాట కాదు, అద్దం మీద ముద్ర చూడాలి. అమెరికా ప్రమాణంలో జెడ్87 పక్కన ప్లస్ గుర్తు ఉండాలి. పావు అంగుళం ఉక్కు గోళీని సెకనుకి 45 మీటర్ల పైచిలుకు వేగంతో కొట్టి చూశారని దాని అర్థం. పవరున్న అద్దాలకైతే జెడ్87-2 అని ఉంటుంది, ప్లస్ దాని పక్కనా ఉండాలి. యూరప్ ఈఎన్166 లో కళ్ళజోళ్ళకి ఎఫ్ అనే అక్షరం, అది 6 మిల్లీమీటర్ల గోళీ, 45 మీటర్ల వేగం. ఈ ముద్ర లెన్సు మీదే కాదు, ఫ్రేము మీద కూడా ఉండాలి. లెన్సు పగలకుండా ఫ్రేములోంచి ఊడి కంట్లోకే వస్తే ఏం లాభం?

ఇక్కడ మళ్ళీ లెక్క వేశాను, కాస్త భయమేసింది. ఆ ఉక్కు గోళీ బరువు ఒక గ్రాము, శక్తి సుమారు 1.1 జౌళ్ళు. అర గ్రాము పెల్లెట్ 150 మీటర్ల వేగంతో వస్తే 5.6 జౌళ్ళు. అంటే జెడ్87 ప్లస్ పెట్టుకున్నవాడి కంటికి ఎవరైనా నేరుగా గురిపెట్టి కొడితే ఆ ముద్ర హామీ ఇవ్వదు. అమెరికా సైన్యం వాడే కళ్ళజోళ్ళ ప్రమాణం ఇంకా కఠినం, 7 జౌళ్ళ పైనే ఉంటుంది. రేంజిలో మామూలుగా వచ్చే ప్రమాదాలు, అంటే వెనక్కి చిట్లిన సీసం తునకలు, పక్క లేను నుంచి ఎగిరొచ్చే ముక్కలు, వాటికి జెడ్87 ప్లస్ సరిపోతుంది. నేరుగా వచ్చేదానికి మందు ఒకటే, తుపాకీ మూతి ఎప్పుడూ మనిషి వైపు తిప్పకపోవడం. కళ్ళజోడు ఆ నియమానికి బ్యాకప్ మాత్రమే. బ్యాకప్ ఉంది కదా అని ప్రొడక్షన్ డేటాబేసు మీద ప్రయోగాలు చెయ్యం కదా!

మళ్ళీ మన టర్కీ ఆయన దగ్గరికి. ఆయన మామూలు కళ్ళజోడు పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. అంతర్జాతీయ నిబంధనల్లో కంటి రక్షణ గట్టిగా సిఫార్సు చేశారు, తప్పనిసరి చెయ్యలేదు. ఎన్నో ఏళ్ళుగా కొడుతున్న మనిషి, పద్ధతిగా నడిచే ఒలింపిక్ రేంజి. నా పక్క లేనులో నిలబడేదేమో నాలాగే మూడో క్లాసుకొచ్చిన ఇంకో సాఫ్టువేరు ఇంజనీరు :) పైగా ఎయిర్ పిస్టల్ సిలిండరులో గాలి 200 బార్ల ఒత్తిడి. కారు టైరు కంటే దాదాపు వంద రెట్లు. అది నింపే చోట కూడా కళ్ళకి ఏదో ఒకటి ఉండాలి.

మర్నాడు ఆదివారం. నాన్నే అన్నారు, "అమీర్‌పేట్‌లో ఎందుకురా, రాణిగంజ్ పోదాం పద, సోమవారం సెలవు పెట్టు." సేఫ్టీ సామాన్లమ్మే షాపులు అక్కడుంటాయి. పెట్టాను.

షాపులో నేను ముద్రలు వెతుకుతుంటే నాన్న వేరే పరీక్షలు చేస్తున్నారు. ఒకటి పెట్టుకుని తల కిందకి వంచారు, జారింది, పక్కన పెట్టేశారు. ఇంకోటి పెట్టుకుని పైపెదవి చాపి కళ్ళజోడులోకి ఊపిరి వదిలారు, ఆవిరి పట్టింది, పక్కన పెట్టేశారు. ఇంకోటి పెట్టుకుని అయిదు నిమిషాలు ఊరికే కూర్చున్నారు. చెవుల వెనక నొక్కుతోందిట.

"నాన్నా, ముద్ర ఉంటే చాలు. గట్టిదే."

"గట్టిది సరే. తియ్యకుండా ఉంటావా?"

నేను మాట్లాడలేదు. ఆయనే అన్నారు.

"కంపెనీ వాళ్ళు నాకు అద్దాలు ఇవ్వలేదనుకుంటున్నావా? ఇచ్చారు. గీతలు పడి ఏమీ కనపడేవి కాదు. చెమట. ఆఖరి పీసు కదా, అంచు సరిగ్గా కనపడట్లేదని పైకి తోశాను. రవ్వ పడ్డప్పుడు అద్దాలు ఇక్కడున్నాయి." నుదురు చూపించారు.

పాతికేళ్ళు దాటిన నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ ఎవరో ఇవ్వాల్సింది ఇవ్వలేదనే అనుకున్నాను. షాపతను బిల్లు పుస్తకం చూసుకుంటున్నట్టు నటించాడు.

ఆ రోజు నుంచీ నేను ఎంచుకునే పద్ధతి మారింది. నాలాగా పవరున్న వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

1. కళ్ళజోడు మీద పెట్టుకునే పెద్ద అద్దాలు: చవక, మొదటి రోజుకి చాలు. కానీ ఆవిరి పడుతుంది, రెండు పొరల మధ్య వెలుతురు మెరుస్తుంది, పైన ఇయర్ మఫ్ పెడితే రెండు జతల కాడలూ తలలోకి దిగుతాయి. గంట తర్వాత తీసేస్తారు.

2. లోపల పవరు లెన్సు తగిలించే రకం: బాగానే ఉంటుంది, కానీ తుడవాల్సిన పక్కలు నాలుగు. కనురెప్పలు పొడుగున్న వాళ్ళకి తగులుతుంది.

3. కాంటాక్టు లెన్సు, దానిపైన పవరు లేని సేఫ్టీ అద్దం: చూపుకి చాలా హాయి. కానీ కాంటాక్టు లెన్సు ఒక్కటే రక్షణ అనుకోవద్దు, అది రక్షణే కాదు.

4. ముద్ర ఉన్న ఫ్రేములో పవరుతో చేయించిన పాలీకార్బొనేట్: ఖర్చెక్కువ, వారాలు పడుతుంది. నేను చివరికి చేరింది ఇక్కడికే. పవరు ఎక్కువైతే అంచుల్లో రంగు చారలు కనపడతాయి, పిస్టల్‌కి మనం మధ్యలోంచే చూస్తాం కాబట్టి ఇబ్బంది లేదు.

రంగు సంగతి: లోపలి రేంజిలో తెల్లటి అద్దమే. పసుపు, నారింజ లాంటివి బయట ఎగిరే పళ్ళాలు కొట్టే ట్రాప్, స్కీట్ వాళ్ళకి. ఏది కొన్నా షాపులో ఒక అయిదు నిమిషాలు పెట్టుకుని కూర్చోండి. సిగ్గుపడకుండా తల వంచండి, ఊపిరి వదలండి.

ఇంతటితో ఈ టపా అయిపోవాలి. కానీ అసలు విషయం ఇప్పుడొస్తోంది.

ఇవన్నీ చదువుతున్నప్పుడు ఒక చోట కంటి డాక్టర్ల సలహా కనపడింది. ఒక్క కన్నే ఉన్నవాళ్ళు, పవరు ఉన్నా లేకపోయినా, మెలకువగా ఉన్నంతసేపూ పాలీకార్బొనేట్ అద్దాలు పెట్టుకోవాలిట. ఉన్న ఒక్క కంటికి బ్యాకప్ లేదు కాబట్టి. రెండుసార్లు చదివాను. వారానికి రెండు గంటల సరదా కోసం నేను జౌళ్ళు లెక్కేసుకుంటున్నాను. ఇరవై ఏళ్ళకి పైగా ఒక్క కంటితో ఉన్న మనిషి పేపరు చదవడానికి ఫుట్‌పాత్ మీద కొన్న అద్దాలు వాడుతూ, స్కూటరు మీద హెల్మెట్ వైజరు పైకెత్తుకుని, దీపావళికి మేడ మీద మా అందరి ముందు నిలబడి చిచ్చుబుడ్లు వెలిగిస్తున్నారు. ప్రతి దీపావళికీ మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రి దగ్గర టీవీ వాళ్ళు చూపించేది మేమూ చూస్తూనే ఉన్నాం. ఒక్కసారి కూడా మా బుర్రకి తట్టలేదు.

మొదటి ఆర్డరు నాన్నదే ఇచ్చాను. నాది రెండోది. ధర విని ఆయన "ఒక్క కంటికి రెండద్దాల డబ్బులు దేనికిరా, ఒకటే వేయించు" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. చివరికి నవ్వాం.

నా గురి ఇంకా అంతంతమాత్రమే. పెల్లెట్లు టార్గెట్ కాగితానికి తగులుతున్నాయంటే అదే పెద్ద విషయం. కళ్ళజోడు మీద ఇప్పటిదాకా ఒక్క తునకా పడలేదు, పడకూడదనే కోరుకుంటున్నాను. నిన్న సాయంత్రం నాన్న స్కూటరు తీస్తుంటే బాల్కనీలోంచి చూశాను. కొత్త కళ్ళజోడు నుదుటి మీదుంది.

"నాన్నా!" అని అరిచాను.

తల మొత్తం ఎడమ వైపుకి తిప్పి, పైకి చూసి, కిందకి లాక్కున్నారు.